కౌన్సిలే లేని బెంగళూరులో క్లైమేట్ ప్లాన్ గురించి, బిజినెస్ కారిడార్ గురించి అధికారుల్ని నిలదీసేది ఎవరు?

బెళ్లందూరు_శ్రీను:
అందరికీ నమస్కారం. మాది బెళ్లందూరు, కొత్త లెక్కలో ఈస్ట్ కార్పొరేషన్. చాలా రోజులుగా బుర్ర తొలిచేస్తున్న విషయం ఒకటి అడుగుతున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి.

2023 నవంబరు 27న పాలికె (అప్పట్లో ఊరంతటికీ ఉన్న ఒకే కార్పొరేషన్, బీబీఎంపీ) బెంగళూరు క్లైమేట్ యాక్షన్ ప్లాన్ విడుదల చేసింది. కరెంటు, రవాణా, చెత్త, నీళ్లు ఇలా ఏడు రంగాలు, మొత్తం 269 పనులు, 2050 కల్లా నెట్ జీరో, అంటే ఊరు వదిలే కర్బనం, తిరిగి పీల్చుకునేది సమానం కావాలి. వాతావరణ మార్పు మీద నగరాలతో పనిచేసే సి40, డబ్ల్యూఆర్ఐ ఇండియా సంస్థలతో కలిసి తయారుచేశారు. నేను కూర్చుని చదివాను, అందులో ఉన్నవి చాలావరకు మనకి కావాల్సినవే. అదే సమయంలో హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు దాకా దాదాపు 17 కిలోమీటర్ల సొరంగం రోడ్డు, ఊరి చుట్టూ 73 కిలోమీటర్ల బిజినెస్ కారిడార్ (పాత పెరిఫెరల్ రింగ్ రోడ్డే), బిడది దగ్గర కొత్త టౌన్‌షిప్ అంటున్నారు. పెట్టుబడులు వస్తాయి, ఉద్యోగాలు వస్తాయి అంటున్నారు, రావచ్చు. కానీ ఈ రోడ్ల వల్ల బండ్లు ఎన్ని పెరుగుతాయి, ఆ పెరుగుదలని క్లైమేట్ ప్లాన్ లెక్కలో ఎక్కడ సర్దుతారు, కారిడార్ కింద పోయే చెట్లకి, కాలువలకి జవాబుదారీ ఎవరు అని అందరి ముందు అధికారిని నిలబెట్టి అడిగే మనిషి ఈ ఊళ్లో ఎవరున్నారు? పాత కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరు 10న తీరిపోయింది. అప్పట్నుంచి బడ్జెట్లు కూడా ప్రభుత్వం పెట్టిన అడ్మినిస్ట్రేటర్ ఆమోదంతోనే నడిచాయి. 2022 సెప్టెంబరు వానలకి మా వైపు జనం ట్రాక్టర్లెక్కి, పడవలెక్కి ఇళ్లలోంచి బయటికొచ్చారు. ఆ వరద మీద ఒక్క కౌన్సిల్ సమావేశంలో కూడా చర్చ జరగలేదు, ఎందుకంటే సమావేశం పెట్టడానికి కౌన్సిల్ ఉంటే కదా. ఇప్పుడు మాలాంటి మామూలు జనం ఎక్కడికి వెళ్లి అడగాలి?

హెచ్‌ఎస్‌ఆర్_వెంకట్:
శ్రీను గారూ, చట్టం ఏం చెబుతోందో ముందు రాస్తాను. రాజ్యాంగంలో 243యూ ప్రకారం మున్సిపాలిటీ గడువు ఐదేళ్లే, ఆ ఐదేళ్లు తీరకముందే కొత్త ఎన్నిక పూర్తవ్వాలి. వార్డుల పునర్విభజన అని, రిజర్వేషన్ జాబితా అని, కోర్టు కేసులని అది ఇక్కడ సాగిపోయింది. ఈలోగా గ్రేటర్ బెంగళూరు చట్టం వచ్చింది, 2025 సెప్టెంబరు 2 నుంచి పాలికె స్థానంలో ఐదు కార్పొరేషన్లు, వాటిపైన ముఖ్యమంత్రి అధ్యక్షతన ఒక అథారిటీ.

దీనికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది 243జెడ్‌ఈ. మహానగర ప్రాంతం మొత్తానికి ప్లాన్ వెయ్యాల్సింది మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ. అందులో కనీసం మూడింట రెండు వంతుల మంది మున్సిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచి తామే ఎన్నుకున్నవాళ్లు అయ్యుండాలి. ఊరి మధ్యలో కార్పొరేటర్లే లేనప్పుడు ఆ కమిటీలో మన ఊరి తరఫున ఎవరు కూర్చుంటారు? ఇక మాస్టర్ ప్లాన్ సంగతి చూడండి. 2031కని తయారుచేసిన ముసాయిదాని 2017లో జనం ముందు పెట్టి 2020లో వెనక్కి తీసుకున్నారు, దాంతో 2015కని వేసిన పాత ప్లానే నడుస్తూ వచ్చింది. ఎక్కడ ఇల్లు కట్టొచ్చు, ఎక్కడ నీళ్లు నిలవనివ్వాలి అని చట్టబద్ధంగా చెప్పేది మాస్టర్ ప్లానే. క్లైమేట్ ప్లాన్‌కి ఆ బలం లేదు. కాబట్టి 269 పనుల్లో భూమికి సంబంధించినది ఏదైనా మాస్టర్ ప్లాన్‌లోకి ఎక్కకపోతే దాన్ని చూపించి ఒక్క లేఅవుట్‌ని కూడా ఆపలేం.

కోరమంగళ_రఘు:
నాకు వేరే అభిప్రాయం ఉంది, కోపం తెచ్చుకోకండి. కౌన్సిల్ ఉన్న రోజులు మనం చూశాం కదా. 2015 నుంచి 2020 దాకా 198 మంది కార్పొరేటర్లు ఉన్నారు. బెళ్లందూరు చెరువు నురగ రోడ్డు మీదకి వచ్చింది అప్పుడే, 2017 ఫిబ్రవరిలో, మళ్లీ 2018 జనవరిలో మంటలు లేచింది అప్పుడే. అధికారులకి జరిమానా భయం చూపించి కదిలించింది హరిత ట్రిబ్యునల్, కౌన్సిల్ కాదు. వార్డుకి ఎంత గ్రాంటు, ఏ రోడ్డు టెండరు ఎవరికి అన్నదాని మీద ఉన్న శ్రద్ధ మిగతా వాటి మీద లేదు. వార్డు కమిటీల్లో పదిమంది సభ్యులు ఏం తీర్మానించినా కార్పొరేటర్ కాదంటే అది ఆగిపోయేది.

ఇంకో మాట. నేను చిత్తూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పని దొరికించుకున్నవాణ్ణి. రోడ్లు, కంపెనీలు వద్దనుకుంటే మనలాంటి వాళ్లకి ఈ ఊళ్లో చోటుండదు. అడగడం మంచిదే గానీ అడిగే పేరుతో ప్రతి ప్రాజెక్టూ పదేళ్లు ఆగితే ఆ నష్టం కూడా జనానిదే, ఆఫీసుకి రోజుకి నాలుగు గంటలు బస్సులో కూర్చునేది కూడా జనమే.

బెళ్లందూరు_శ్రీను:
రఘు గారూ, ట్రిబ్యునల్ గురించి మీరు చెప్పింది నిజం. కానీ చెరువు తగలబడ్డాక జోక్యం చేసుకునేది కోర్టు. తగలబడకముందు, మురుగు శుద్ధి కేంద్రం ఎందుకు ఆలస్యమైంది, డబ్బు ఎటు పోయింది అని నెలనెలా అడగాల్సింది కౌన్సిలే. కార్పొరేటర్లు సరిగ్గా అడగలేదంటే అడిగేలా చెయ్యాలి గానీ ఆ కుర్చీలే తీసేస్తే ఎలా? ప్రాజెక్టులు ఆపమని నేనూ అనడం లేదు. నాలుగు గంటలు బస్సులో కూర్చునేవాళ్ల కోసమే అయితే ఆ డబ్బుతో ఎన్ని బీఎంటీసీ బస్సులు వస్తాయి, సొరంగంలో బస్సు వెళ్తుందా లేదా అన్న ప్రశ్నలు ముందే రావాలి అంటున్నాను.

మాంచెస్టర్_నుంచి_వచ్చిన_లక్ష్మి:
కొన్నేళ్లు మాంచెస్టర్‌లో ఉండి వచ్చాం, అక్కడి పద్ధతి చెబితే పనికొస్తుందేమో. ఇంగ్లండులో 2000 సంవత్సరం నాటి చట్టంతో చాలా కౌన్సిళ్లలో నిర్ణయాలు తీసుకునే చిన్న క్యాబినెట్ వేరు, ఆ నిర్ణయాల్ని పరిశీలించే స్క్రూటినీ కమిటీలు వేరు. క్యాబినెట్‌లో ఉన్నవాళ్లు ఈ కమిటీల్లో కూర్చోకూడదు. మాంచెస్టర్ సిటీ కౌన్సిల్‌లో పర్యావరణం, వాతావరణ మార్పులకి ఒక స్క్రూటినీ కమిటీ ఉంది, ఆర్థిక వ్యవహారాలకి, ఊరి పునర్నిర్మాణానికి ఇంకొకటి ఉంది. ఆ నగరం 2038కి జీరో కార్బన్ అని మాటిచ్చింది, ఎంత తగ్గించారో నివేదిక ఈ కమిటీ ముందుకి రావాలి. ఎజెండా, కాగితాలు సమావేశానికి ఐదు పనిదినాల ముందే బయటపెట్టాలి, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. క్యాబినెట్ తీసుకున్న నిర్ణయం నచ్చకపోతే స్క్రూటినీ కమిటీ దాన్ని అమలు చెయ్యకుండా ఆపి మళ్లీ ఆలోచించమని పంపొచ్చు, కొట్టేసే అధికారం మాత్రం లేదు. అందుకే అక్కడి జనం కూడా ఈ కమిటీలకి పళ్లు లేవని విసుక్కుంటారు. అయినా ఒక పెద్ద అధికారి కాగితాలు పట్టుకుని మామూలు కౌన్సిలర్ ముందు కూర్చుని, ఇది ఎందుకు కాలేదు అంటే జవాబు వెతుక్కోవడం నేను చూశాను. మనకి కావాల్సింది అదే అనిపిస్తుంది.

విల్లివాక్కం_మురళి:
చెన్నై నుంచి రాస్తున్నాను. మాకు 2022 ఫిబ్రవరిలో ఎన్నికలయ్యాయి, 200 వార్డులు, మేయర్ ఉన్నారు, కౌన్సిల్ కూర్చుంటుంది. కానీ కౌన్సిల్ ఉన్నంత మాత్రాన పని అయిపోదు అన్నా. మా క్లైమేట్ ప్లాన్ ముసాయిదా 2022 సెప్టెంబరులో జనం అభిప్రాయాల కోసం పెట్టినప్పుడు ముందు ఇంగ్లీషులోనే పెట్టారు. ఎన్నూరు మత్స్యకారులు, పెరుంబాక్కం కాలనీల్లో ఉండేవాళ్లు దాన్ని ఎలా చదువుతారని గొడవ చేశాకే తమిళంలో వచ్చింది, గడువూ పెంచారు.

మాకు ఉపయోగపడింది ఏరియా సభ. వార్డుని పది ఏరియాలుగా విడగొట్టి ఏడాదికి నాలుగుసార్లు జనాన్ని కూర్చోబెడతారు. సభ్యుల్ని నామినేట్ చేస్తారు, అది లోపమే. మాట్లాడేది ఎక్కువగా వీధి దీపం, డ్రెయినేజీ, కుక్కలు. అలా అని తక్కువ చెయ్యక్కర్లేదు, వానకాలవ ఏ ఎత్తులో కట్టారు, నీళ్లు ఎటు పోతాయి అన్నది క్లైమేట్ ప్రశ్నే కదా. మిచౌంగ్ తుఫాను తర్వాత, 2023 డిసెంబరు అన్నమాట, మా దగ్గర అందరూ అడిగింది అదే. పెద్ద ప్లాన్ల మీద మాత్రం మాకూ పట్టు లేదు. మహానగర ప్రాంతం 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కి పెంచారు, దాని మాస్టర్ ప్లాన్ సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) చేతిలో ఉంటుంది, మా కౌన్సిలర్‌ని అడిగితే అది నా పరిధి కాదు అంటారు.

హెచ్‌ఎస్‌ఆర్_వెంకట్:
మురళి గారు చెప్పింది ఇక్కడా అంతే, సొరంగానికి ఒక ప్రభుత్వ కంపెనీ, కారిడార్‌కి బీడీఏ (బెంగళూరు అభివృద్ధి సంస్థ), మెట్రోకి వేరే సంస్థ. రేపు ఐదుగురు మేయర్లు వచ్చినా ఇవేవీ నేరుగా వాళ్ల కిందకి రావు. కాకపోతే కొత్త చట్టంలో మేయర్ పదవి రెండున్నరేళ్లు, పాత పాలికెలో ఏడాదే. ఏడాదిలో కాగితాలు అర్థమయ్యేలోపే దిగిపోయేవాళ్లు, ఇది కొంచెం మేలు. మేయర్లు పైన ఉన్న అథారిటీలో సభ్యులు కూడా, అక్కడ అడగొచ్చు.

ఇప్పుడు చెయ్యగలిగింది: ఆర్‌టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వెయ్యండి. ఫీజు 10 రూపాయలు. కర్ణాటక నియమం ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే అంశం, 150 పదాలు దాటకూడదు, చాలామందివి ఇక్కడే తిరిగొస్తాయి. అందుకని ప్లాన్ మొత్తం అడగకండి. మన వార్డులో రాజకాలువల (వాననీళ్లు పోయే పెద్ద కాలువల) పని ఒక్కటే తీసుకోండి, దానికి ప్లాన్‌లో ఏ గడువు రాశారు, ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది, బాధ్యుడు ఏ హోదా అధికారి, చివరి ప్రగతి నివేదిక నకలు ఇవ్వండి అని అడగండి. కారిడార్ మీద విడిగా ఇంకో దరఖాస్తు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు.

కోరమంగళ_రఘు:
దరఖాస్తు కన్నడలో రాస్తే త్వరగా కదులుతుంది, నేను రాసిపెడతాను. కారిడార్ దరఖాస్తులో బస్సుల ప్రశ్న కూడా కలపండి, కారిడార్ పక్కన బస్సులకి విడిగా దారి ఉందా అని. అది నాకూ తెలుసుకోవాలనుంది.

బెళ్లందూరు_శ్రీను:
తప్పకుండా రఘు గారూ. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పేరుతో కాకుండా నా పేరుతోనే వేస్తాను, ఆర్‌టీఐ పౌరుడి హక్కు కాబట్టి అసోసియేషన్ పేరు చూసి తిప్పి పంపే అవకాశం ఉంది. రెండు దరఖాస్తుల తెలుగు ముసాయిదా ఈ రాత్రికి ఇక్కడే పెడతాను, వార్డు ఎన్నికలు వచ్చినప్పుడు నిలబడే వాళ్లందరికీ ఇవే ప్రశ్నలు, వచ్చిన జవాబులు కలిపి పంపుదాం. ఈస్ట్ కార్పొరేషన్‌లో వేరే వార్డుల వాళ్లు ఉంటే మీ దగ్గరి చెరువు పేరు, కాలువ పేరు రాయండి, వాటికీ విడిగా వేద్దాం.