మియజాకి శాంతి స్తూపం మీద ఆ నాలుగు అక్షరాలేంటి?

ఫుకువోకా బాచి:
పోయిన వారం అత్తయ్యగారినీ మామయ్యగారినీ ఇక్కడ జపాన్‌లో మియజాకి తీసుకెళ్లాను. అక్కడ హెయివాదై పార్కులో సుమారు 37 మీటర్ల శాంతి స్తూపం ఉంది. దాని ముందు ఒక చోట నిలబడి చప్పట్లు కొడితే వింత ప్రతిధ్వని వస్తుంది. మామయ్యగారు ఎంతకీ ఆపరు, వెనక జనం లైను కట్టేశారు. స్తూపం మీద నాలుగు పెద్ద కాంజీ అక్షరాలున్నాయి. నా జపనీస్ అంతంత మాత్రం. ఫోన్‌లో చూస్తే 'హక్కో ఇచియు', అంటే ఎనిమిది దిక్కులూ ఒకే కప్పు కింద అని వచ్చింది. "మన వసుధైవ కుటుంబకమేగా!" అని మామయ్యగారు మురిసిపోయారు. సోమవారం లంచ్‌లో ఈ మాటే చెబితే మా ఆఫీసులో ఒక జపనీస్ పెద్దాయన చాప్‌స్టిక్స్ కింద పెట్టి, "ఆ మాట ఇంకెక్కడా అనకండి" అన్నారు. అంతే, మళ్లీ నోరు విప్పలేదు. శాంతి స్తూపం మీద అనకూడని మాట ఏంటండీ?

పాత నాణేలు:
శాంతి అనే పేరు తర్వాత వచ్చింది. 1940లో కట్టినప్పుడే ఆ నాలుగు అక్షరాలు దాని మీద ఉన్నాయి. జపాన్ తొలి చక్రవర్తిగా చెప్పే జిమ్ము గద్దెనెక్కి 2600 ఏళ్లయిందని (పురాణ లెక్క లెండి) చేసిన ఉత్సవాల కోసం కట్టారు. అప్పటికి మూడేళ్లుగా చైనాలో జపాన్ యుద్ధం చేస్తోంది. అక్షరాలు రాసిచ్చింది అప్పటి చక్రవర్తి తమ్ముడు చిచిబు. ఆ జూలైలోనే ప్రధాని కోనోయె ప్రభుత్వం ఆ మాటని జాతీయ విధానంలోకి ఎక్కించింది. 1944లో పది సెన్ల (యెన్‌లో పదో వంతు) నోటు మీద కూడా ఈ స్తూపం బొమ్మే. జపాన్ యుద్ధంలో ఓడిపోయాక అక్షరాలు తీసేశారు, స్తూపం మీదున్న యోధుడి విగ్రహాన్నీ తీసేశారు. విగ్రహం 1962లో తిరిగొచ్చింది. 1964లో జపాన్‌లో ఒలింపిక్ జ్యోతి బయల్దేరిన చోట్లలో ఇదొకటి. మరుసటి ఏడాది అక్షరాలూ వచ్చేశాయి.

కింది రాళ్లు చూశారా? చైనా, కొరియా, తైవాన్‌ల నుంచి సైనిక దళాలూ, అక్కడి జపనీయుల సంఘాలూ పంపినవి వాటిలో ఉన్నాయి. ఎవరు పంపారో కొన్నింటి మీద చెక్కి ఉంటుంది. నాన్‌జింగ్ రాయి కూడా ఉంది. 1937లో జపాన్ సైన్యం అక్కడ చేసిన మారణకాండ గురించి తెలిస్తే చప్పట్లకి చేతులు రావు.

క్యుషు కుర్రోడు:
ఆ మాట మూలం జపాన్ ప్రాచీన చరిత్ర గ్రంథం నిహోన్ షోకిలో ఉంది, సైన్యం గాల్లోంచి పుట్టించింది కాదు. నేను మియజాకిలో మూడేళ్లున్నాను. ఆ పార్కుకి జనం వచ్చేది పిల్లల్ని ఆడించుకోడానికి. ఎప్పటి కోపమో వాళ్ల మీద చూపించడం ఎందుకు?

విశాఖ పిన్ని:
మూలం ఎక్కడిదైనా బాబూ, అందరం ఒకే ఇల్లు అన్నప్పుడు ఇంటి పెద్ద ఎవరని అడగాలి కదా. ఉమ్మడి కుటుంబంలోకి కోడలిగా వెళ్లినదాన్ని, నాకు తెలుసు. అందరం ఒకటే అంటారు, అంట్లు తోమేది మాత్రం ఒక్కరే. 1942 ఏప్రిల్ 6న మా విశాఖ మీదా, కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులేశాయి. మా నాన్నమ్మ ఇంటికి తాళం కూడా వెయ్యకుండా, చంటిపిల్లని చంకనేసుకుని పల్లెకి నడిచిపోయిందట. అయినా ఆ అక్షరాలు పీకెయ్యమని నేననను. పీకేస్తే అది మొదట్నుంచీ శాంతి స్తూపమే అనుకుంటారు.

ఫుకువోకా బాచి:
పిన్నిగారూ, మీరు రాసింది ఇంట్లో పైకి చదివాను. మామయ్యగారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మన శ్లోకం అలాంటిది కాదులే" అన్నారు. అత్తయ్యగారు సంస్కృతం టీచరుగా రిటైరయ్యారు. వంటింట్లోంచే, "హితోపదేశంలో ఆ శ్లోకం చదివేది నక్క. జింకని తినాలని స్నేహం కలుపుకుంటూ చదువుతుంది" అన్నారు. ఆదివారం మళ్లీ మియజాకి వెళ్తున్నాం, ఈసారి రాళ్లు చూడ్డానికి. నాన్‌జింగ్ రాయి ఏ వైపు ఉంటుందో తెలిస్తే చెప్పండి.