చర్చ: బిల్లులో సర్వీస్ ఛార్జ్ తీసేయమంటే సప్లయర్ పొట్ట కొట్టినట్టేనా?

కిషన్‌పుర పోరడు
హన్మకొండలో ఒక ఏసీ రెస్టారెంట్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లాం. తిన్నది 1,800. జీఎస్టీ కాకుండా పది శాతం సర్వీస్ ఛార్జ్ అని ఇంకో 180 వేశారు. సర్వీస్ చూస్తే రోటీలు అడిగి అడిగి తెప్పించుకున్నాం. పాపకు కారం తక్కువ వేయమంటే తలూపి వెళ్లాడు, వచ్చింది మామూలు కారమే. కౌంటర్ దగ్గర ఆ 180 తీసేయమన్నాను, మేనేజర్ మారుమాట లేకుండా తీసేశాడు. బయటికి రాగానే మా బావ అందుకున్నాడు: "నూట ఎనభైకి ఆ పిల్లగాని పొట్ట కొట్టినవ్" అని. నేననేది ఒకటే. నచ్చితే టిప్ ఇస్తా, నచ్చకపోతే ఇవ్వను. ఎంతివ్వాలో హోటల్ వాళ్లు లెక్కగట్టుడేంది? బస్సులో, రైల్లో కూడా ఇదే పేచీ. అడగాలా, సర్దుకుపోవాలా?

అడ్మిన్
హోటళ్ల పేర్లు, ట్రావెల్స్ పేర్లు, మనుషుల పేర్లు రాయొద్దు. రాస్తే పోస్ట్ ఎగిరిపోతుంది.

నల్లకోటు
అడగడం మీ హక్కు. సీసీపీఏ అంటే వినియోగదారుల రక్షణ కోసం కేంద్రం పెట్టిన సంస్థ. బిల్లులో సర్వీస్ ఛార్జ్ దానంతటదే వేయకూడదని, ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదని 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు పోయి అదే నెలలో స్టే తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న కోర్టు వాళ్ల పిటిషన్లు కొట్టేసింది. వాళ్లు అప్పీలుకు పోయారు, అది వేరే సంగతి. తీసేయమంటే ఒప్పుకోకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ హెల్ప్‌లైన్.

ఇంకో చిన్న విషయం. జీఎస్టీ దేని మీద వేశారో చూశారా? 1,800 మీద ఐదు శాతమైతే 90. సర్వీస్ ఛార్జ్ కలిపి 1,980 మీద వేస్తే 99. అది కూడా వేయకూడదు.

బిర్యానీ లెక్కలు
లాయర్ సాబ్, వాటర్ బాటిల్ సంగతి కూడా తేల్చండి. ఎమ్మార్పీ 20 ఉన్నదానికి 40 వేస్తున్నారు. ఇది పచ్చి దోపిడీ. దీని మీద కేసు వేస్తే హోటలోడు దిగిరావాలి.

నల్లకోటు
వేస్తే ఓడిపోతారు. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, హోటళ్లు, రెస్టారెంట్లు బాటిల్‌కు ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని. అక్కడ మీరు కొనేది ఒట్టి బాటిల్ కాదు, కూర్చునే చోటు, ఏసీ, వడ్డన అన్నీ కలిపి అని కోర్టు లెక్క. బస్టాండ్ స్టాల్‌లో, కిరాణంలో మాత్రం ఎమ్మార్పీ దాటకూడదు. హోటల్‌లో మీ చేతిలో ఉన్నది ఒక్కటే. కూర్చోగానే "మినరలా, నార్మలా సార్?" అంటాడు కదా, సిగ్గుపడకుండా నార్మల్ అనండి.

కౌంటర్ మీద కూర్చునేవాణ్ని
అందరూ హోటలోణ్ని దొంగను చేస్తున్నారు కాబట్టి మా వైపు కూడా వినండి. మాకు ఐదు శాతం జీఎస్టీ ఉన్నది గానీ, మేం కొనే సరుకు మీద కట్టిన ట్యాక్స్ తిరిగి రాదు. కిరాయి, కమర్షియల్ సిలిండర్, యాప్‌ల కమీషన్ అన్నీ మా నెత్తి మీదే. సర్వీస్ ఛార్జ్ మెనూ కార్డు కింద రాసే పెడతాం. చూసి కూర్చుని, తిన్నాక వద్దంటే ఎట్లా? చిటికెలేసి పిలిచేటోళ్లు, "ఏయ్ ఇటు రా" అనేటోళ్లు, సగం తిన్నాక చికెన్ బాగలేదని వాపస్ పంపేటోళ్లు, వీళ్లందరినీ నవ్వుతూ భరించాలి మా పిల్లలు.

నల్లకోటు
రేట్లలో కలుపుకోండి, ఎవరూ వద్దనరు. 280 బిర్యానీ 310 చేస్తే కస్టమర్ ముందే చూసుకుని లోపలికి వస్తాడో, పక్క హోటల్‌కు పోతాడో వాడి ఇష్టం. మెనూ కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి, తిన్నాక చూపించడం దగ్గరే గొడవ.

సప్లయర్ అన్న
ఈ చర్చలో సప్లయర్ పొట్ట గురించి అందరూ మాట్లాడుతున్నారు, సప్లయర్ ఒక్కడూ లేడు. హైదరాబాద్‌లో, తర్వాత హన్మకొండలో చాలా ఏళ్లు ఆ పనే చేసిన. ఇప్పుడు నయీంనగర్ వైపు చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్న.

సర్వీస్ ఛార్జ్ మాకు వస్తదని మీ బావ అనుకుంటున్నాడు. నేను పనిచేసిన చోట అది ముందు పగిలిన ప్లేట్లు, గ్లాసుల కింద పోయేది. మిగిలింది నెలాఖరుకు మేనేజర్ చెప్పినంత. లెక్క చూపించు అని అడిగినోడు మళ్లీ నెల డ్యూటీలో ఉండడు. మాకు నిజంగా అందేది టేబుల్ మీద పెట్టిన టిప్పే. అది డబ్బాలో వేసి, రాత్రి షట్టర్ దించినాక క్లీనింగ్ పిల్లలకు కూడా కలిపి పంచుకునేది. ఫోన్‌తో స్కాన్ చేసుడు మొదలైనంక ఆ డబ్బా ఖాళీ. బిల్లు మీద ఇరవై ఎక్కువ కొట్టి "టిప్ తీసుకో తమ్మీ" అంటారు. ఆ ఇరవై ఓనర్ అకౌంట్లో పడ్డది. తమ్మి చేతికి ఎప్పుడొస్తది?

పోరడు రాసినదాంట్లో నాకు కనబడ్డది వేరే. ఆదివారం రాత్రి ఎన్ని టేబుళ్లకు ఒక్క మనిషి ఉన్నాడో మీరు చూసి ఉండరు. ఇప్పుడు మన దగ్గర సప్లయర్లలో చాలామంది ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన పిల్లలు. "కారం తక్కువ" అంటే అర్థమయ్యీ కాక తలూపుతారు. నెల కిందట వచ్చినోణ్ని ఏమీ నేర్పకుండా ఫ్లోర్ మీదికి తోలింది ఎవరు? ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడితో చేయిస్తే మిగిలే జీతం ఎవరిది? కంప్లైంట్ చేయండి, తప్పకుండా చేయండి. కానీ ఓనర్‌కు తగిలేటట్టు చేయండి. "ఫలానా కుర్రాడు పొగరుబోతు" అని ఒక్క స్టార్ ఇస్తే ఆ పిల్లగానికి రోజు కూలీ కట్. టేబుళ్లకు సరిపడా మనుషుల్లేరు అని రాస్తే దెబ్బ ఓనర్‌కు.

కౌంటర్ అన్నా, తప్పుగా అనుకోకు. నేనిప్పుడు నీ వైపే కూర్చుంటున్న, సిలిండర్ రేటు నాకూ తెలుసు.

పరకాల రైతుబిడ్డ
అన్నా, అన్నీ ఓనర్ మీదికి తోయకు. మా బాపును వరంగల్‌లో డాక్టర్‌కు చూపించి, మంచి హోటల్‌లో తినిపిద్దామని తీసుకుపోయిన. ధోతి, భుజం మీద తువ్వాల. హాల్ సగం ఖాళీ. మమ్మల్ని మాత్రం చేతులు కడుక్కునే చోటు పక్కన కూర్చోబెట్టిండు. మెనూ ఇవ్వకముందే "ఇక్కడ రేట్లు ఎక్కువుంటయ్" అన్నడు. మా ఎనకాల ఫుల్ హ్యాండ్ షర్టులు వేసుకున్నోళ్లు వస్తే "ప్లీజ్ కమ్ సార్" అని ఏసీ కిందికి తీసుకుపోయిండు. అచ్చమైన తెలుగోడే. భాష రాక కాదు, పనిచేసే మనుషులు తక్కువై కాదు. మా బాపు ఏమీ అనలే, తిని పదిహేను రూపాయలు టిప్ పెట్టి లేచిండు. నాకు ఇప్పటికీ రక్తం మరుగుతది.

సప్లయర్ అన్న
తమ్మీ, దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ టేబుల్‌ను మేం "వాష్‌బేసిన్ టేబుల్" అనేది. అందరూ వద్దనేది, ఎవరు గట్టిగా అడగరో వాళ్లకు పోయేది. అట్లాంటోణ్ని పేరు పెట్టి కంప్లైంట్ చేసినా తప్పు లేదు.

మక్కగారె
"సర్దుకుపో" అనే మాట మగవాళ్లకు చర్చ, మాకు రోజువారీ. ఇద్దరు పిల్లలతో ప్రైవేటు బస్సులో వస్తుంటే అర్ధరాత్రి ఒక హైవే హోటల్ దగ్గర ఆపారు. టాయిలెట్‌కు తాళం. అడిగితే "ఏమన్నా కొంటే తాళంచెవి ఇస్తాం". చిప్స్ ప్యాకెట్ కొనాల్సి వచ్చింది. డ్రైవర్, క్లీనర్ లోపల వేరే గదిలో భోజనం చేస్తున్నారు, వాళ్లకు ఫ్రీ కాబట్టి బస్సు అక్కడే ఆగుతుంది. ఇది బస్సు ఎక్కే ప్రతివాడికీ తెలిసిందే. ఇక్కడ నేను గొడవ పెడితే ఎవరి పొట్ట కొట్టినట్టు?

ఇంకోటి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మాకు ఫ్రీ. డ్యూటీకి రోజూ అందులోనే పోతా. "డబ్బులిచ్చినోళ్లు నిలబడ్డరు, ఫ్రీ వాళ్లు కూసున్నరు" అని బస్సంతా వినబడేటట్టు అన్న కండక్టర్‌ను చూశాను. నా చేతిలో జీరో టికెట్ ఉంది, ఆ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కడుతుంది. నేనూ ప్యాసింజర్‌నే కదా?

పల్లె వెలుగు రిటైర్డ్
అమ్మా, ఆ మాట అన్నవాడిది తప్పే. కండక్టర్‌గా పనిచేసి రిటైరైన నేను చెప్తున్నా, తప్పే. కానీ లోపలి సంగతి కొంచెం వినండి. ఫ్రీ కదా అని టికెట్ కొట్టకుండా వదిలేయడానికి లేదు. ఎక్కిన ప్రతి అమ్మకూ మిషన్‌లో జీరో టికెట్ కొట్టాలి, కార్డు చూడాలి. కాలు పెట్టే సందు లేని బస్సులో రెండు స్టేజీల మధ్య అందరికీ కొట్టాలి. చెకింగ్ వాళ్లు ఎక్కి, టికెట్ లేని మనిషి ఒక్కరు దొరికినా కండక్టర్‌కే ముప్పు. దీంట్లో ఒకాయన ఐదు వందల నోటు తీస్తాడు. చిల్లర లేదని టికెట్ వెనక రాసిస్తే, దిగేటప్పుడు నేను ఎగ్గొట్టానని లొల్లి.

సప్లయర్ తమ్ముడితో నాకు ఒకచోట పడదు. కంప్లైంట్ పైవాళ్లకు తగలాలి అంటాడు. ఆర్టీసీలో అట్లా గాలిలో రాస్తే ఎవరికీ తగలదు. బస్ నంబర్, టైమ్, రూట్ రాయండి. డిపోల్లో "డయల్ యువర్ డీఎం" పెడతారు, డీఎం అంటే డిపో మేనేజర్, ఆ రోజు ఫోన్ చేయండి. పొద్దున ఎనిమిదింటికి ఇంకో ట్రిప్పు కావాలని పదిమంది అడిగితే డీఎం పట్టించుకుంటాడు. వీడియో తీసి వాట్సాప్‌లో తిప్పితే కండక్టర్ సస్పెండ్ అవుతాడేమో, రెండో బస్సు మాత్రం రాదు.

మంచి కూడా చెప్పాలి. మేడారం జాతరకు వేరే డిపోల నుంచి కూడా డ్రైవర్లు, కండక్టర్లు వచ్చేది. రూటు తెలియదు, నిద్ర లేదు. తప్పిపోయిన ముసలమ్మను ఆమె ఊరి బస్సు దొరికేదాకా చెయ్యి పట్టుకుని తిప్పిన కండక్టర్లను చూసిన. వాళ్ల మీద మెచ్చుకోలు ఉత్తరం ఎవరూ రాయలే. మన జనానికి తిట్టడానికి ఉన్న ఓపిక మెచ్చుకోవడానికి ఉండదు.

మక్కగారె
కాకా, ఎనిమిదింటి ట్రిప్పు గురించి మా స్టాఫ్ అంతా కలిసి ఫోన్ చేస్తాం. కానీ ఆ మాట అన్న కండక్టర్ గురించి కూడా చెప్తాను. రద్దీ వల్ల కోపం రావచ్చు, ఆ కోపం ఆడవాళ్ల మీదే ఎందుకు వస్తుంది?

కాజీపేట డైలీ
రైలు సంగతి ఎవరూ ఎత్తలేదు. రైల్ నీర్ లీటర్ బాటిల్ 2025 సెప్టెంబర్ 22 నుంచి 14 రూపాయలు. 20 ఇస్తే "ఛేంజ్ నహీ" అని ముందుకు పోతాడు. "బిల్లు ఇవ్వకపోతే డబ్బు ఇవ్వొద్దు" అనేది రైల్వే వాళ్లు పెట్టిన రూలే. బిల్లు అడిగి చూడండి, మన ముఖం తేరిపార చూస్తాడు. రైల్వే హెల్ప్‌లైన్ 139కు చెప్పాక ఒకసారి మనిషి వచ్చి డబ్బు వాపస్ ఇచ్చి వెళ్లాడు, కాబట్టి పనిచేయదని అనను. ఆరు రూపాయలకు ఫోన్ ఎవరు చేస్తారు, ఆ ధైర్యంతోనే నడుస్తోంది అదంతా.

బిర్యానీ లెక్కలు
అదే నేను అనేది. లీవ్ పెట్టి వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరిగేంత తీరిక ఎవరికుంది?

నల్లకోటు
అన్నింటికీ తిరగక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. గోవా హోటల్ మోసం చేసినా గోవా పోయే పని లేదు. మీరు కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో వేయొచ్చు, రెండేళ్ల గడువుంది. రూమ్ బుక్ చేసి డబ్బు కట్టాక లేదన్నవాడి మీద వేయండి. కారం ఎక్కువైందని వేయకండి దయచేసి. బిల్లు మాత్రం పారేయొద్దు.

కిషన్‌పుర పోరడు
సర్వీస్ ఛార్జ్ విషయంలో నా మాట మారలేదు, మళ్లీ వేస్తే మళ్లీ తీసేయమంటా. ఈసారి జేబులో పది, ఇరవై నోట్లు పెట్టుకుని పోతా, ఇస్తే చేతికే ఇస్తా. మా బావకు ఈ లింక్ పంపిన. చదివి "అయితే నువ్వు అప్పుడే చేతికి ఇయ్యకపోతివి" అన్నాడు. ఆయనతో గెలవలేం.

కౌంటర్ మీద కూర్చునేవాణ్ని
నోట్లు తెచ్చుకోండి, మంచిదే. మా గల్లాలో కూడా చిల్లర లేదు.

బిర్యానీ లెక్కలు
సప్లయర్ అన్నా, ఇంత చెప్పినవ్ కదా, నీ టిఫిన్ సెంటర్‌లో చట్నీ రెండోసారి అడిగితే ముఖం ఎట్లా పెడతవ్?

సప్లయర్ అన్న
పల్లీ చట్నీ అడగకముందే వేస్తా. అల్లం చట్నీ ఒక్కసారే, ముందే చెప్తున్నా, గోడ మీద కూడా రాసి పెట్టిన. పెద్ద అక్షరాలతోనే, లాయర్ సాబ్.