చేతి రంపంతో కోసిన డవ్‌టెయిల్ జాయింటులో సందులు ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న (కొత్త ఉలి)

నమస్కారమండీ. వడ్రంగం నా వృత్తి కాదు, సెలవు రోజుల్లో ఇంట్లోనే నేర్చుకుంటున్నాను. పాత ప్యాకింగ్ పెట్టెలు విప్పి, ఆ పైన్ పలకలకు చిత్రిక పట్టి, 18 మిల్లీమీటర్ల మందానికి తెచ్చి, ఒక చిన్న పెట్టె మూలకు మొదటిసారిగా డవ్‌టెయిల్ జాయింటు (ఒక పలక కొసన పావురం తోకలా విచ్చుకున్న తోకలు, రెండో పలక కొసన వాటి మధ్య దూరే పిన్నులు) కోశాను. జాయింటు కూర్చుంది, చేత్తో లాగితే ఊడి రావడం లేదు. కానీ తోకలకూ పిన్నులకూ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు ఉంది. అది పలక ముందువైపు అంతగా కనబడదు, వెనక్కి తిప్పితే వెడల్పుగా ఉంది. అడుగు గీత (కోత ఆగాల్సిన గీత) దగ్గర ఉలి దెబ్బకు చెక్క తెగకుండా నలిగి పొడిపొడిగా రాలింది, గీత కూడా లోపలికి జరిగింది. కొలతలు రెండు పలకలమీదా విడివిడిగా, స్కేలుతో జాగ్రత్తగానే గీశాను. బజారులో దొరికే మామూలు టెనాన్ రంపం, 12 మిల్లీమీటర్ల ఉలి, మూలమట్టం నా దగ్గర ఉన్నాయి. లోపం పనిముట్లలో ఉందా, పద్ధతిలో ఉందా? తోకలు ముందు కోయాలా, పిన్నులు ముందు కోయాలా? వాలు ఎంత పెట్టాలి?

జవాబు (టేకు పొట్టు)

మీ వివరణలో అసలు కారణం ఒక వాక్యంలోనే దొరికింది: రెండు పలకలమీదా కొలతలు విడివిడిగా గీశారు. ఈ జాయింటులో స్కేలుకు పని ఒక పలకతోనే అయిపోవాలి. రెండో పలకమీద గీతలు మొదటి పలకను దానిమీద ఆనించి, కోసిన అంచుల వెంట కత్తిమొనతో గీసుకోవాలి. తోకలు ముందు కోయండి. అప్పుడు మొదటి పలకలో తోకలు కాస్త హెచ్చుతగ్గులుగా వచ్చినా, వాలు ఒకదానికొకటి సరిపోకపోయినా నష్టం ఉండదు, ఎందుకంటే రెండో పలక వాటి ఆకారాన్నే తీసుకుంటుంది.

అయితే తోకల కోతలో ఒక్క విషయంలో మాత్రం రాజీ పడకూడదు. పలక ముఖంమీద వాలు ఎటు పోయినా పోనీయండి గానీ, కొసమీద ముందు అంచు నుంచి వెనక అంచుకు రంపం మూలమట్టం ప్రకారం సరిగ్గా అడ్డంగా సాగాలి. మీ సందు వెనకవైపు వెడల్పుగా ఉందంటే ముందు గీతనే చూస్తూ కోశారని, వెనక రంపం పక్కకు పోయిందని అర్థం. కొసమీద కూడా గీత గీసి, రంపాన్ని మొదట ఆ గీతమీద ఆనించి, మెల్లగా రెండు మూడు సార్లు ఆడించి గాడి పడ్డాకే కిందికి దిగండి. పలకను వైసులో కొంచెం వంచి బిగిస్తే వాలు గీత నిట్టనిలువుగా నిలుస్తుంది. నిలువుకోత చేతికి అలవాటైనదే కనుక వాలు కోస్తున్నామన్న బెదురు ఉండదు.

గీత గీసే సమయంలో పలక వెంట్రుకవాసి జరిగినా పని చెడుతుంది. దానికి నేను పాటించే ఉపాయం: తోక పలక లోపలివైపు, అడుగు గీత నుంచి కొస వరకు, అర మిల్లీమీటరు లోతున చెక్క తీసేస్తాను. అక్కడ ఏర్పడిన చిన్న మెట్టు పిన్ను పలక లోపలి అంచుకు తగిలి నిలబడుతుంది, కనుక పలక వెనక్కీ ముందుకూ కదలదు. పిన్నులు కోసేటప్పుడు రంపం గీతకు అవతల, తీసేయాల్సిన చెక్కలోనే నడవాలి. గీత సగం కళ్లకు కనబడుతూ మిగలాలి. ఏ వైపు చెక్క తీసేయాలో పెన్సిలుతో అడ్డగీతలు కొట్టుకోండి. అనుభవజ్ఞులు కూడా తప్పు వైపు కోసిన సందర్భాలున్నాయి.

వాలు సంగతికి వస్తే, పైన్ వంటి మెత్తటి చెక్కకు 6కు 1 (పొడవునా 6 పాళ్లకు పక్కకు 1 పాలు), టేకు వంటి గట్టి చెక్కకు 8కు 1 అన్నది ఆనవాయితీ. వాలు మరీ ఎక్కువైతే తోక చివర మూలలు విరిగిపోతాయి, మరీ తక్కువైతే పట్టు ఉండదు.

జవాబు (సానరాయి)

పైన చెప్పినదంతా నిజమే, కానీ చెక్క నలిగి రాలడానికి మాత్రం ఉలి పదునే కారణం. పైన్ మెత్తనిది కదా, ఉలి ఎలా ఉన్నా తెగుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది అందుకు విరుద్ధం. మెత్తటి నార కొసన మొద్దు ఉలి దాన్ని కోయదు, అణిచేస్తుంది. సుమారు 25 డిగ్రీల వాలుతో సానబట్టి, చివరగా తోలుమీద రాసి, పలక కొస నుంచి పల్చని పొర తీసి చూడండి. పొర ముక్కలవకుండా చుట్టుకుంటూ వస్తే పదును చాలు.

గీత జరగడానికి కారణం వేరు. ఉలికి ఒకవైపే ఏటవాలు ఉంటుంది కనుక, దెబ్బ పడగానే ఆ వాలు చెక్కను ఒరుసుకొని ఉలిని చదునైన వీపు వైపు, అంటే గీత వైపు నెడుతుంది. కాబట్టి మొదటి దెబ్బలు గీతకు మిల్లీమీటరు ఇవతల, తీసేయాల్సిన చెక్కలోనే వేసి, లోపలి చెక్క ఖాళీ అయ్యాక, చివరి పల్చటి పొరను గీతలోనే ఉలి పెట్టి చేత్తో నొక్కి తీయండి. ఒక వైపు నుంచి సగం మందం వరకు కొట్టి, పలక తిప్పి మిగతా సగం కొట్టాలి. లేకపోతే వెనకవైపు చెక్క చీలి ఊడుతుంది.

జవాబు (సొరుగు పని)

తోకలు ముందు కోయాలన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. పిన్నులు ముందు కోస్తే, తోక పలకను బల్లమీద పడుకోబెట్టి, పిన్ను పలకను దానిమీద నిలబెట్టి గీసుకోవచ్చు. కత్తిమొన తిరగడానికి చోటు ఉంటుంది. సొరుగుల్లో పిన్నులు బాగా సన్నగా పెట్టినప్పుడు మాత్రం తోకలు ముందు కోసే పద్ధతే మేలు, ఎందుకంటే రెండు పలకలను కలిపి బిగించి ఒకేసారి తోకలు కోయవచ్చు.

రంపం గురించి ఎవరూ చెప్పలేదు. ఈ కోతలన్నీ నార వెంట సాగేవి, కాబట్టి పళ్లను రిప్ పద్ధతిలో (నార వెంట చీల్చేలా) ఆకురాయితో దిద్దించుకోండి. పళ్లు పక్కలకు ఎక్కువగా విరిచి ఉంటే గాడి వెడల్పై రంపం ఊగుతుంది. రంపపు పక్కలను సానరాయిమీద ఒక్కసారి తేలిగ్గా రుద్దితే ఆ ఊగిసలాట చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు (కొత్త ఉలి)

అందరికీ ధన్యవాదాలు. ఇప్పటికే కోసిన మూలను పారేయడానికి మనసు రావడం లేదు. రంపపు పొట్టులో ఫెవికాల్ కలిపి సందులు నింపితే సరిపోతుందా?

జవాబు (టేకు పొట్టు)

సరిపోదు. ఆ ముద్ద ఆరాక ముదురు రంగుకు తిరుగుతుంది, పాలిష్ పట్టదు, సందు మరింత ఎత్తి చూపుతుంది. అదే పలకలోంచి నార వెంట పల్చని చీలికలు తీసి, జాయింటు అతికించేటప్పుడే సందుల్లో జిగురుతో దూర్చండి. చీలిక నార, పక్కనున్న చెక్క నార ఒకే వైపు ఉండేలా చూసుకోండి. మర్నాడు ఆరాక, పైకి వచ్చిన చివరలను సన్న రంపంతో కోసి, చిత్రికను అంచు నుంచి లోపలికి నడపండి. బయటికి నడిపితే అంచు చెక్క ఊడి వస్తుంది.