పళ్ళు తెల్లబడితే పెట్రోల్ పోసినట్టేనా?

మహేంద్రతనయ ఒడ్డు:
మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. కిందటి వారం మా వీధి చివర పూరిల్లు తగలబడింది. లోపల ఒంటరిగా ఉండే ముసలమ్మ చనిపోయింది. పంచనామా, పోస్టుమార్టం, దహనం అన్నీ అయిపోయాయి. రిపోర్టు మాత్రం ఇంకా రాలేదు. అసలు గొడవ ఇప్పుడు మొదలైంది. ఆమె అన్న కొడుకులు అనేదేమిటంటే, "ముందు పళ్ళు సున్నంలా తెల్లగా అయిపోయాయి, దవడ పళ్ళు నల్లగా ఉన్నాయి. తాటాకు మంటకి పన్ను తెల్లబడదు. మొహం మీద పెట్రోల్ పోసి కాల్చారు" అని. స్థలం తగాదా ఉన్న పక్కింటివాళ్ళ మీదే వాళ్ళ అనుమానం. నాకు రెండు పక్కలా కావలసినవాళ్ళే.

ఇంకో సంగతి. ఆమెకి అడ్డచుట్ట అలవాటు. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, అలాగే గోడకి జారబడి కునికిపాట్లు పడటం నేను చాలాసార్లు చూశాను. పంటి రంగు చూసి పెట్రోల్ పోశారని చెప్పొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గుణుపురం మాస్టారు:
చెప్పొచ్చనే అంటాను. ఎంత వేడికి పన్ను ఏ రంగుకి తిరుగుతుందో పట్టికలే ఉన్నాయి. సుమారుగా 200 డిగ్రీల దగ్గర పసుపు, గోధుమ. 400 దగ్గర నలుపు. 600 దగ్గర బూడిద రంగు. 800 దాటితే తెలుపు. తెల్లబడిందంటే అంత వేడి తగిలిందనేగా? తాటాకు భగ్గున మండి చల్లారిపోతుంది. అంత వేడి ఎక్కణ్ణించి వచ్చినట్టు?

బరంపురం పళ్ళ డాక్టరు:
మాస్టారూ, పట్టిక తప్పని అనను. కాకపోతే అది పీకేసిన పంటిని కొలిమిలో పెట్టి, ఇంత వేడి ఇంతసేపు అని కొలిచి రాసుకున్నది. నోట్లో పన్ను అలా విడిగా ఉండదు. ముందు పెదవి, పక్కన బుగ్గ, లోపల నాలుక, కింద దవడ ఎముక. మంట తగిలితే పెదవులు ముడుచుకుపోయి ముందు పళ్ళు బయటపడతాయి. దవడ పళ్ళకి బుగ్గ కండ చాలాసేపు అడ్డుంటుంది. అందుకని ముందు తెలుపు, వెనక నలుపు అన్నది మొహం మీద ఏదో పోస్తేనే వచ్చే గుర్తు కాదు. ఏ ఇల్లు కాలినా అలా ఉండొచ్చు.

నలుపు ఎందుకొస్తుందో కూడా చూడండి. పంటి పైపెంకు ఎనామెల్‌లో దాదాపు 96 శాతం ఖనిజమే. లోపలి డెంటిన్‌లో ఖనిజం 70 శాతం దాకా ఉంటుంది, మిగతాది మాంసకృత్తులూ నీరూ. ఆ మాంసకృత్తులు మాడితే మిగిలే బొగ్గే ఆ నలుపు. బొగ్గు కూడా కాలిపోతే తెల్లటి ఖనిజం మిగులుతుంది. అది కాలాలంటే వేడొక్కటే సరిపోదు, గాలి ఆడాలి, సమయమూ పట్టాలి.

ఇక తాటాకు సంగతి. ఆకు తొందరగానే కాలిపోతుంది, నిజమే. తర్వాత దూలాలూ, వెదుళ్ళూ, మంచమూ కూలి మీద పడి గంటల తరబడి కణకణలాడుతూ ఉంటాయి. నిజానికి పెట్రోలే ముందు అయిపోతుంది.

ఆవం పొగ:
నేను పళ్ళ గురించి చదువుకోలేదు. కుండల గురించి చెప్తాను. మా ఇంట్లో ఆవం పేర్చేవాళ్ళం. అదే మట్టి, అదే చక్రం, అవే పిడకలు. గాలి ఆడనిస్తే కుండ ఎర్రగా వస్తుంది. పైన మూసేసి పొగ బయటికి పోకుండా చేస్తే నల్లగా వస్తుంది. నల్లకుండకి వేడి తక్కువ తగిలిందంటే మా తాత నవ్వేవాడు.

బరంపురం పళ్ళ డాక్టరు:
అన్నా, మా కాలేజీలో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. కుండ ఎరుపు మట్టిలో ఇనుముది, పంటి తెలుపు కాల్షియం ఫాస్ఫేటుది. అదొక్కటే తేడా. మీరు చెప్పిన గాలి సంగతి మాత్రం రెంటికీ ఒకటే.

పలాస నుంచి:
మా నాన్న పోయినప్పుడు బొమికలు ఏరింది నేనే. మామిడి కట్టెలూ, కాస్త నెయ్యీ తప్ప పెట్రోల్ చుక్క వాడలేదు. బూడిదలో మూడు పళ్ళు దొరికాయి. ఒకటి పాలలా తెల్లగా ఉంది. రెండోది పైపెంకు ఊడి నల్లటి మొదలులా ఉంది. మూడోది వేరు మాత్రమే, నీలం కలిసిన బూడిద రంగు. ఒకే చితి, ఒకే నోరు, మూడు రంగులు. పెట్రోల్ పోస్తేనే తెల్లబడుతుందంటే మా నాన్న చితి మీద ఎవరు పోసినట్టు?

గుణుపురం మాస్టారు:
సరే, పెట్రోల్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అలాగని రంగు ఎందుకూ పనికిరాదంటే మాత్రం ఒప్పుకోను. ఎడమ వైపు పళ్ళు తెల్లగా, కుడి వైపువి మామూలుగా ఉన్నాయనుకోండి. మొహం ఏ వైపు నేలకి ఆనుకుని ఉందో తెలియదా? మనిషి ఎలా పడి ఉందో దర్యాప్తులో చిన్న విషయమా?

బరంపురం పళ్ళ డాక్టరు:
అక్కడిదాకా మీతోనే ఉన్నాను. ఏ వైపు ఎక్కువ కాలిందో, సుమారుగా ఎంత వేడి చేరిందో పన్ను చెబుతుంది. వెండి ఫిల్లింగ్ ఉంటే ఇంకాస్త చెబుతుంది. అందులోని పాదరసం 357 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరైపోతుంది. అన్నిటికంటే బాగా చెప్పేది మనిషి ఎవరన్నది. 1897 మే 4న పారిస్‌లో ఒక ధర్మ సంత తగలబడి 126 మంది పోయారు. అలెన్సన్ డచెస్ సోఫీని ఆమె పళ్ళ డాక్టరు వచ్చి పళ్ళు చూసి గుర్తుపట్టాడు. ఎవరు అంటించారన్నది పళ్ళను అడిగే ప్రశ్న కాదు. మంట అంటుకునేటప్పటికి ముసలమ్మ బతికే ఉందా అన్నదీ అంతే.

అన్నట్టు, అడ్డచుట్ట సంగతి చెప్పారు కదా. మా దగ్గరికి వచ్చే అడ్డచుట్ట ఆడవాళ్ళ పళ్ళు లోపలి వైపు అప్పటికే నల్లగా ఉంటాయి, అంగిలి మాడిపోయి ఉంటుంది. నలుపంతా మంటదే అనడానికి కూడా లేదు.

పాతపట్నం వకీలు:
ఇంతసేపూ పన్ను గురించే మాట్లాడుకున్నాం. కోర్టులో నేను ముందు అడిగేవి వేరు. శ్వాసనాళంలో మసి ఉందా? రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ చూశారా? ఉంటే మంటలో ఊపిరి పీల్చింది. అలాగని అవి లేనంత మాత్రాన చంపేసి కాల్చారని కాదు. ఇక పెట్రోల్ అంటున్నారు కాబట్టి ఆమె ఒంటి కింద మట్టి, కాలకుండా మిగిలిన చీర ముక్క తీశారా? వీపు కింద నేలలోకి ఇంకిన పెట్రోల్ ఒక్కోసారి కాలకుండా మిగిలిపోతుంది. గాలి చొరని డబ్బాలో పెట్టి పంపితే ల్యాబ్ చెప్పగలదు. మామూలు ప్లాస్టిక్ సంచిలో పెడితే దారిలోనే ఆవిరైపోతుంది.

భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షన్ కింద, అంటే పాత సాక్ష్య చట్టం 45వ సెక్షన్ కింద, నిపుణుడి అభిప్రాయం సాక్ష్యమే. అన్న కొడుకులు కంటితో చూసి చెప్పిన రంగు నిపుణుడి అభిప్రాయం కాదు. అసలు వాళ్ళు ఆ పళ్ళు ఎక్కడ చూశారు?

మహేంద్రతనయ ఒడ్డు:
అదే చెప్పబోతున్నాను. శవాన్ని లేపినప్పుడు ముందు పన్ను ఒకటి బూడిదలో రాలిపోయిందట. పోలీసులు వెళ్ళాక పెద్దవాడు ఏరి రుమాల్లో మూటకట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వారం నుంచి టీకొట్టు దగ్గర అందరికీ విప్పి చూపిస్తున్నాడు.

బరంపురం పళ్ళ డాక్టరు:
అయ్యో. కాలిన పన్ను అప్పడం కంటే పెళుసు. వేడికి డెంటిన్ కుంచించుకుపోతుంది, ఎనామెల్ అంత కుంచించుకోదు. అందుకే పైపెంకు టోపీలా ఊడిపోతుంది. ముట్టుకునే ముందు ఫోటోలు తీయాలి, గట్టిపడేలా ఏదైనా స్ప్రే కొట్టాలి, ఆ తర్వాతే కదపాలి. చేతిలో హెయిర్ స్ప్రే ఉంటే అది కొట్టినా కొంత నయం. అతన్ని ఇక ఆ మూట విప్పొద్దనండి. మూట మూటలాగే గట్టి డబ్బాలో, కిందా పైనా దూది వేసి పెట్టమనండి.

గుణుపురం మాస్టారు:
జేబులో వారం తిరిగిన పంటి రంగు మీద నేను ఇంతసేపు వాదించానా!

మహేంద్రతనయ ఒడ్డు:
ఇప్పుడే వెళ్ళి వచ్చాను. నేను చెప్పేలోపే రుమాలు విప్పేశాడు. మధ్యలో గోరంత వేరు ముక్క, చుట్టూ ముగ్గుపిండిలా తెల్లటి పొడి. "మొన్నటిదాకా పూర్తిగానే ఉందన్నా" అంటున్నాడు. దులిపేద్దామా అని అడిగాడు.

పాతపట్నం వకీలు:
దులపొద్దు. రుమాలుతో సహా స్టేషన్‌లో ఇచ్చేయమనండి. ఏ రోజు, ఎక్కడ, ఎవరు ఏరారో, ఎవరెవరు ముట్టుకున్నారో కాగితం మీద రాసి రసీదు తీసుకోమనండి. టీకొట్టు సంగతి కూడా రాయాల్సిందే.