ట్రక్కు ఫైబర్ టాప్‌కి రోలర్‌తో రంగు వేస్తే నిలుస్తుందా?

ప్రశ్న: మా పికప్ వెనక తొట్టి మీదున్న ఫైబర్ టాప్ తెల్ల రంగు. ఇప్పుడు వెలిసిపోయింది, చెయ్యి పెడితే సుద్దపొడిలా అంటుకుంటోంది. ఒక మూల సాలెగూడులా సన్నని పగుళ్లు కూడా వచ్చాయి. షెడ్డులో ఇచ్చేంత డబ్బు లేదు, స్ప్రే గన్ లేదు. రోలర్‌తో వేసుకోవచ్చా అన్నా?

జవాబు: వేసుకోవచ్చు తమ్ముడూ, బాగానే నిలుస్తుంది. కానీ రంగు డబ్బా కొనకముందు ఒక పని చెయ్. ఆ పొడి, ఫైబర్ పైనుండే గెల్‌కోట్ అనే నున్నటి పొర ఎండకి పాడై రాలుతున్నది. జానెడు మేర రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్ది చూడు. మెరుపు తిరిగొస్తే పాలిష్ చేసి వ్యాక్స్ పెట్టుకుంటే చాలు, రంగు ఖర్చే ఉండదు. రాకపోతేనే రంగు.

రంగు వెయ్యాల్సి వస్తే ముందు సబ్బునీళ్లతో కడుగు. తర్వాత వ్యాక్స్, గ్రీజు తీసే ద్రావకంతో తుడువు. ఒక గుడ్డతో రాసి, అది ఆరేలోపే ఇంకో పొడిగుడ్డతో ఎత్తెయ్యాలి. ఇది ఎమరీ పట్టకముందే జరగాలి, లేదంటే జిడ్డుని గీతల్లోకి మనమే రుద్దేసినట్టవుతుంది. నీళ్లు చల్లి చూడు: పల్చగా పరుచుకుంటే శుభ్రమైనట్టు, ముత్యాల్లా విడివిడిగా నిలిస్తే మళ్లీ తుడవాలి.

పగుళ్ల మీద రంగు పూస్తే మళ్లీ పైకి తేలతాయి. వాటిని కొంచెం వెడల్పుగా చెక్కి పాలిస్టర్ పుట్టీ నింపు. ఆరాక మొత్తం 220 నంబరు, తర్వాత 320 నంబరు వాటర్ పేపర్‌తో తడిగా రుద్దు. ఎక్కడైనా ఫైబర్ పోగులు బయటపడితే అక్కడ రంగుకి ముందు ఎపాక్సీ ప్రైమర్ పూత తప్పదు. మాస్కు, నిండు చేతుల చొక్కా వేసుకో. ఆ ధూళి ఒంటికి తగిలితే ఒకటే దురద.

హార్డెనర్ (రంగు గట్టిపడటానికి కలిపే రెండో ద్రవం) కలపక్కర్లేని పాలీయూరిథేన్ ఎనామెల్ తీసుకుని, ఫోమ్ రోలర్‌తో పల్చగా రెండు మూడు కోట్లు వెయ్. కోటు తడిగా ఉండగానే మెత్తటి బ్రష్ కొసతో బరువు పెట్టకుండా ఒకే దిక్కుకి లాగితే రోలర్ మచ్చలు పోతాయి. ఎండలో మాత్రం వెయ్యకు. ఐసోసైనేట్ అనే రసాయనమున్న హార్డెనర్ కలిపే రంగుని ఇంట్లో స్ప్రే చేద్దామనుకోకు, ఆ తుంపర ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం, మామూలు దుమ్ము మాస్కు ఆపదు. తెలుపే ఉంచుకో. ముదురు రంగైతే బాగా వేడెక్కి లోపలి ఫైబర్ గుడ్డ నేత గుర్తులు పైకి కనబడొచ్చు.

ప్రశ్న: మొదటి కోటు వేశానన్నా. అంతా బాగుంది గానీ కిటికీ రబ్బరు పక్కన రంగు విడిపోయి చిన్న చిన్న గుంటలు పడ్డాయి. పైన ఇంకో కోటు వేస్తే మూసుకుంటాయా?

జవాబు: మూసుకోవు. రబ్బరుకి ఎప్పుడైనా మెరుపు కోసం ఏదైనా పూశావా? అందులో సిలికోన్ ఉంటే ఇలాగే అవుతుంది. రంగు పూర్తిగా గట్టిపడనివ్వు. అంతమేర ద్రావకంతో తుడిచి, 400 నంబరు వాటర్ పేపర్‌తో గుంటలు పోయేదాకా రుద్ది, కొత్త గుడ్డతో మళ్లీ తుడువు. కుదిరితే రబ్బరు ఊడదీసి, లేదా దాన్నీ కడిగి టేపు వేసి, ఆ జాగాకి విడిగా ఒక పల్చని కోటు వెయ్. అది సాఫీగా ఆరాకే రెండో కోటు మొదలుపెట్టు.