కౌన్సిలర్ల ఇంటి కంప్యూటరు, ఇంటర్నెట్ ఖర్చు ప్రజల సొమ్ముతో పెట్టాలా?

పన్నుదారు:
స్థానిక కౌన్సిలర్లకి ఇంట్లో వాడుకోవడానికి కంప్యూటరు, ఇంటర్నెట్ కనెక్షన్ కౌన్సిల్ ఖర్చుతో ఇవ్వాలా వద్దా? నా మాట సూటిగా చెప్పేస్తాను, వద్దు. వాళ్ళకి ఇప్పటికే అలవెన్స్ వస్తోంది, ఇలాంటి ఖర్చులన్నీ అందులో కలిసే ఉంటాయి. ఇంగ్లండ్‌లో చూడండి, కౌన్సిలర్ల అలవెన్సుల మీద వచ్చిన 2003 నిబంధనల కింద ఇచ్చే బేసిక్ అలవెన్స్ కేవలం వెచ్చించిన సమయానికే కాదు, సొంత ఇంటిని పనికి వాడుకున్నందుకు అయ్యే చిల్లర ఖర్చులకి కూడా అని అక్కడి ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. అలాంటప్పుడు విడిగా ల్యాప్‌టాప్ ఎందుకు, నెల నెలా వైఫై బిల్లు ఎందుకు? ఒకే ఖర్చుకి రెండుసార్లు డబ్బిచ్చినట్టే కదా. పైగా ఇంటికి వచ్చిన ఇంటర్నెట్ ఇంటిల్లిపాదీ వాడతారు. గుంతలు పూడ్చడానికి నిధులు లేవని చెప్పే కౌన్సిల్ ముందు ఆ పని చూడాలి.

మాజీ_కౌన్సిలర్:
పన్నుదారు గారూ, మీ బాధ నాకు తెలుసు, నేనూ పన్ను కట్టేవాడినే. కానీ కౌన్సిలర్ పని అంటే సమావేశానికి వచ్చి చెయ్యెత్తి వెళ్ళిపోవడం అని మీరు అనుకుంటున్నట్టుంది. ఒక టర్మ్ చేసినవాడిగా చెబుతున్నాను, అసలు పని జరిగేది ఇంట్లో, రాత్రి అందరూ పడుకున్నాక. చాలామందికి పగలు వేరే ఉద్యోగం ఉంటుంది. సమావేశానికి కొద్దిరోజుల ముందు అజెండా పీడీఎఫ్‌గా వచ్చి పడుతుంది, బడ్జెట్ సమావేశమైతే అది వందల పేజీలు.

ఫోన్లో చదువుకోవచ్చు కదా అంటారు. భవన నిర్మాణ దరఖాస్తుతో వచ్చే ప్లాన్ ఒక్కటి ఫోన్లో తెరిచి చూడండి. అది పెద్ద షీటు మీద గీసిన డ్రాయింగ్. కొలతలు కనబడాలంటే జూమ్ చేయాలి, జూమ్ చేస్తే పక్కిల్లు తెర మీంచి జారిపోతుంది, మళ్ళీ చిన్నది చేస్తే అంకెలు చీమల బారులా కనిపిస్తాయి. కొత్తగా లేచే గోడకీ పక్కింటి కిటికీకీ మధ్య దూరం ఎంత అన్నదే అక్కడ గొడవంతా. ఆ దూరం సరిగ్గా చూడకుండా నేను ఎవరి వైపు ఓటేయాలి?

ఇంకోటి. మా కౌన్సిల్ కాగితాలు అచ్చు వేసి ఇంటికి పంపడం ఆపేసింది, ఆదా అయిందని నివేదికలో రాసుకుంది. ఆ ఖర్చు మాయమైపోలేదండీ, మా ఇళ్ళకి వచ్చింది. ఇంట్లో అందరికీ కలిపి ఉన్నది ఒకే ల్యాప్‌టాప్, పిల్లల చదువులకీ అదే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే స్కూలు ప్రాజెక్టు ఫైలు, దాని కిందే వార్డులో ఒక పెద్దావిడ పంపిన మెడికల్ సర్టిఫికెట్, దాని కింద అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తున్న కుటుంబం కాగితాలు. వాళ్ళు నన్ను నమ్మి పంపారు. మా ఇంట్లో అందరినీ నమ్మి కాదు. వేరే మెషిన్ ఇప్పించమని అడిగితే అలవెన్స్ ఉంది కదా అన్నారు, అచ్చం మీరు అన్నట్టే.

సర్వర్‌రూమ్:
నేను ఇలాంటి సంస్థలకి ఐటీ సపోర్ట్ చేస్తుంటాను. ఈ చర్చ ఎప్పుడు జరిగినా కౌన్సిలర్‌కి సౌకర్యం ఇవ్వాలా వద్దా అన్న దగ్గరే తిరుగుతుంది. నన్నడిగితే ఇక్కడ చూడాల్సింది కౌన్సిలర్‌ని కాదు, ఆయన ఇన్‌బాక్స్‌లో ఉన్న జనాన్ని.

సొంత కంప్యూటర్ తెచ్చుకోమంటే ఏమవుతుంది? ఏ కంప్యూటర్ ఉంటే అదే వస్తుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది, ఇంకా అదే వాడుతున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ప్రత్యేకంగా పొడిగింపు తీసుకోకపోతే ఆ తేదీ తర్వాత బయటపడ్డ లోపాలకి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. ఆ మెషిన్‌లో పాస్‌వర్డ్ బ్రౌజర్లో సేవ్ చేసి ఉంటుంది, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండదు, అంటే మెషిన్ దొరికినవాళ్ళు అందులోది చదివేయొచ్చు. అది పోతే మేము చేయగలిగింది చాలా తక్కువ, ఎందుకంటే అది మా చేతిలో లేని మెషిన్. అదే కౌన్సిల్ ఇచ్చిన ల్యాప్‌టాప్ పోయిందని ఫోన్ వస్తే ఖాతా వెంటనే లాక్ చేస్తాం, నెట్‌కి కనెక్ట్ అయిన మరుక్షణం డేటా తుడిచేసేలా ఆర్డర్ పెడతాం. మనిషి సొంత కంప్యూటర్ మీద ఆ అధికారం మాకు ఇవ్వమని అడగలేం కదా, అందులో వాళ్ళింటి ఫొటోలుంటాయి.

చట్టం సంగతి కూడా. బ్రిటన్‌లో వార్డు ప్రజల ఫిర్యాదులు చూసేటప్పుడు ఆ వ్యక్తిగత సమాచారానికి బాధ్యుడు కౌన్సిలరే. 2019 ఏప్రిల్ నుంచి ఎన్నికైన సభ్యులకి, వ్యక్తిగత సమాచారం వాడేవాళ్ళు కట్టే డేటా రక్షణ ఫీజు తీసేశారు గానీ బాధ్యత తీసేయలేదు. అలాగే కౌన్సిల్ తరఫున చేసిన పనికి సంబంధించిన సమాచారం సొంత ఈమెయిల్‌లో ఉన్నా అది సమాచార హక్కు చట్టం కిందికి రావచ్చని అక్కడి ఇన్ఫర్మేషన్ కమిషనర్ కార్యాలయం 2011లోనే చెప్పింది. ఒక కాంట్రాక్టు గురించి మీరు సమాచారం అడిగారనుకోండి పన్నుదారు గారూ, అందులో సగం ఉత్తరాలు కౌన్సిలర్ సొంత మెయిల్‌లో ఉంటే వెతికి ఇచ్చేది ఎవరు? ఆయనే వెతకాలి, ఏమీ లేవంటే నమ్మాలి. కౌన్సిల్ ఖాతాలో ఉంటే ఆ అవసరమే రాదు. లెక్క అడిగే హక్కు మీకు కావాలంటే ఆ మెషిన్ మీ డబ్బుతో కొన్నదై ఉండటమే మీకు మంచిది.

పన్నుదారు:
సర్వర్‌రూమ్ గారు చెప్పిన సమాచార హక్కు పాయింట్ గట్టిదే, దానికి నా దగ్గర ఎదురు లేదు. కానీ అది కంప్యూటర్‌కి, ఈమెయిల్ ఖాతాకి వర్తిస్తుంది. ఇంటి ఇంటర్నెట్ బిల్లుకి ఎలా వర్తిస్తుంది? ఇవాళ ఇంటర్నెట్ నీళ్ళు, కరెంటుతో సమానం. ఫిన్లాండ్‌లో 2010 జూలైలో 1 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్‌ని ప్రతి ఒక్కరికీ చట్టబద్ధమైన హక్కు చేశారు, అయినా సరసమైన ధరకి ఇవ్వాలన్నారు తప్ప ఊరికే ఇవ్వాలనలేదు. కౌన్సిలర్ ఇంట్లో రాత్రి ఫైళ్ళు చదవడానికి లైటు వేసుకుంటే ఆ కరెంటు బిల్లు మనం కట్టం కదా.

రెండోవరుస:
వచ్చే ఎన్నికల్లో నిలబడాలా వద్దా అని ఆలోచిస్తున్నదాన్ని, కాబట్టి నా మాట కాస్త వినండి. మీరందరూ ఇప్పటికే ఇంట్లో కనెక్షన్ ఉన్న మనిషిని ఊహించుకుని మాట్లాడుతున్నారు. అద్దె గదిలో ఉంటూ ఫోన్ డేటాతో నెట్టుకొచ్చేవాళ్ళు, నెలాఖరుకి రీఛార్జ్ చేయించాలంటే ఆలోచించేవాళ్ళు కూడా కౌన్సిల్‌లో ఉండాలా వద్దా? ఇంట్లో కంప్యూటర్ ఉన్నా అది వేరొకరి చేతిలో ఉంటే, ప్రతిసారీ అడిగి తీసుకోవాల్సి వస్తే, ఆ మనిషి గోప్యంగా పని ఎలా చేస్తుంది? సొంతంగా కొనుక్కోగలిగినవాళ్ళే రండి అని బోర్డు పెట్టకపోయినా జరిగేది అదే.

ఆన్‌లైన్ సమావేశాలు కూడా చూడండి. కోవిడ్ వల్ల ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి 2021 మే మొదటివారం దాకా వాటిని చట్టం అనుమతించింది, తర్వాత గడువు తీరింది. వేల్స్‌లో 2021 చట్టంతో వేరే చోటు నుంచి పాల్గొనే ఏర్పాటు శాశ్వతం చేశారు. అలాంటి చోట కనెక్షన్ మధ్యలో తెగితే ఓటు వేయలేకపోయేది కౌన్సిలర్, గొంతు పోయేది వార్డుది. దాన్ని లైటు బిల్లుతో ఎలా పోలుస్తారు?

మాజీ_కౌన్సిలర్:
రెండోవరుస గారూ, తప్పకుండా నిలబడండి. వేల్స్ సంగతి ఎత్తారు కాబట్టి అక్కడిదే ఇంకోటి. కౌన్సిలర్ల చెల్లింపులు 2025 దాకా నిర్ణయించిన అక్కడి స్వతంత్ర ప్యానెల్, సభ్యులకి ఫోన్, ఈమెయిల్, ఇంటర్నెట్ సౌకర్యాలు సమకూర్చాలనీ, వాటికి సభ్యుడి నుంచి డబ్బు తీసుకోకూడదనీ చెప్పింది. ఇంగ్లండ్‌లో ప్యానెల్ సిఫారసు చేస్తుంది, తుది నిర్ణయం ఏ కౌన్సిల్‌ది ఆ కౌన్సిల్‌దే. తమ ఖర్చు మీద తామే ఓటు వేసుకోవడం నాకెప్పుడూ నచ్చలేదు, జనానికి అనుమానం వచ్చేది అక్కడే.

పన్నుదారు గారి అభ్యంతరానికి దారి ఉందనిపిస్తోంది. ఇంటి కనెక్షన్‌కి నగదు ఇవ్వొద్దు. నగదు ఇస్తే అది ఏ ప్లాన్‌కి పోయిందో ఎవరూ చెప్పలేరు. కౌన్సిల్ మెషిన్‌లోనే డేటా సిమ్ పెట్టి ఇవ్వండి, కౌన్సిల్ పనికి మాత్రమే తెరుచుకునేలా. ఇంటి వైఫై బాగుంటే సిమ్ డేటా ఖర్చే కాదు. పదవి అయిపోయిన రోజు మెషిన్ తిరిగి ఇచ్చేయాలి, ఎన్నికల ప్రచారానికి వాడకూడదు. బ్రిటన్ పన్ను చట్టంలో కూడా పని కోసం ఇచ్చిన పరికరాన్ని సొంతానికి వాడింది చెప్పుకోదగ్గంత కాకపోతే దాన్ని ఆదాయంగా చూడరు. నగదు ఇస్తే ఆ లెక్కే వేరు.

పన్నుదారు:
సిమ్ అయితే ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. ఏ కౌన్సిలర్ మెషిన్ తీసుకున్నారు, ఎవరి డేటా బిల్లు ఎంత అయింది, పేరు పేరునా కౌన్సిల్ వెబ్‌సైట్లో పెట్టాలి.

రెండోవరుస:
మొత్తం ఖర్చు పెట్టండి, ఎంతమందికి ఇచ్చారో పెట్టండి. పేరు పేరునా బిల్లు మాత్రం వద్దండీ. ఇంట్లో మంచి వైఫై ఉన్న కౌన్సిలర్ బిల్లు సున్నా చూపిస్తుంది, ఏమీ లేని మనిషి బిల్లు అందరికంటే పైన ఉంటుంది. మరుసటి ఎన్నికల్లో ఆ అంకెనే కరపత్రం మీద అచ్చు వేసి ఇంటింటికీ పంచుతారు. అది తెలిసి ఎవరు వాడతారు? ఫైళ్ళు చదవకుండానే సమావేశానికి వస్తారు. అడిగినవాళ్ళకి ఇవ్వడం, అడగనివాళ్ళకి మానేయడం కూడా వద్దు, ప్రమాణ స్వీకారం అయిన రోజే అందరి చేతిలో ఒకే మెషిన్, ఒకే సిమ్ పెట్టేయండి.