సమస్య: "పారిపోయిన వారికే పట్టమబ్బె"

ఈ వారం తేటగీతి పాదం ఇస్తున్నాం. ఒక్క ఓటమితో రాజ్యమంతా చేజారిన యుద్ధం మీదే పూరించాలి.

కొత్తకలం:

కొండపై డాలుగోడను కూల్చలేక
వెనుకకడుగిడి యోడిన విధము నటన
సేయ, దిగివచ్చి సాక్సనుల్ చెదరి రపుడు
పారిపోయిన వారికే పట్టమబ్బె.

(హేస్టింగ్స్, 14 అక్టోబరు 1066. ఇంగ్లండ్ రాజు హెరాల్డ్ సాక్సన్ సైన్యానికీ, దండెత్తి వచ్చిన విలియం నార్మన్లకూ జరిగిన యుద్ధం. డాలుగోడ అంటే డాళ్లు ఆనించి నిలబడ్డ సైనికుల వరస. రెండో పాదం దగ్గర చాలా టెన్షన్ పడ్డాను, తప్పులుంటే చెప్పండి.)

యతిప్రియ: కొ–కూ, వె–వి, సే–చె, యతులు కుదిరాయి తమ్ముడూ. కానీ వెనుకడుగు వేసిందెవరు? పద్యంలో కర్త లేడు. "వెనుకకడుగిడి నార్మన్లు వెరపు నటన" అంటే సరిపోతుంది.

పాతచరిత్ర: మొదటి పరుగు నటన కాదండీ. విలియం దండులో ఎడమవైపున్న బ్రెటన్లు నిజంగానే బెదిరారు, విలియం చచ్చాడన్న పుకారు కూడా లేచింది. అతను శిరస్త్రాణం పైకెత్తి మొహం చూపించాకే సైన్యం నిలబడింది. తరుముతూ దిగిన సాక్సన్లు కింద చిక్కిపోవడం చూశాక నార్మన్లు ఆ పరుగునే ఎత్తుగడగా వాడుకున్నారు. సాయంత్రానికి హెరాల్డూ, ఇద్దరు తమ్ములూ కూలారు. ఇంక దేశానికి దిక్కెవరు?

గుర్రపుడెక్క: నాది తరాయిన్, మహమ్మద్ ఘోరీ, పృథ్వీరాజు రెండుసార్లు తలపడ్డ చోటు.

తొలుత గాయాన వెనుదిర్గి తురగబలము
తోడ మరుసటి యేడాది దూకె ఘోరి;
తరయి నేలను పృథ్వికి దప్పె గెలుపు
పారిపోయిన వారికే పట్టమబ్బె.

యతిప్రియ: ధార బాగుంది. గణం కోసం తరాయిన్‌ని "తరయి" చేశారు, ఊరివాళ్లు ఒప్పుకుంటారో లేదో!

పాతచరిత్ర: 1191లో గాయపడి వెళ్లినవాడు 1192లో వచ్చి గెలిచాడు, అంతవరకు సరే. పట్టం మాటేమిటి? అప్పటికి సుల్తాను అతని అన్న ఘియాసుద్దీన్. ఘోరీ ఇక్కడి పెత్తనం తన సేనాని ఐబక్‌కి వదిలి గజనీ వెళ్లిపోయాడు. "పారిపోయిన"కి పూరణ దొరికింది, "పట్టము"కి దొరకలేదు. విలియంకైతే ఆ క్రిస్మస్ రోజే వెస్ట్‌మిన్‌స్టర్‌లో నిజంగానే కిరీటం పెట్టారు. ఈసారి నా ఓటు కొత్తకలానికే. ఒక్కటే చిక్కు, అది కొండ కాదు, వాలుగా ఉన్న చిన్న మిట్ట.

కొత్తకలం: కర్త దిద్దుకుంటాను అక్కా. కొండని మాత్రం మార్చలేను, యతి పోతుంది.

గుర్రపుడెక్క: ఎందుకు పోతుంది? "మిట్టపై డాలుగోడను మెట్టలేక."